బలం మాత్రలు

ఆటోనగర్, విజయవాడ
జూలై

గ్రూపులోంచి నన్ను గెంటించిన మార్తక్కకు, ప్రభువు పేరట వందనాలు.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బానే ఉన్నాం. నీ కూతురు శాలిని నన్ను మన ఫ్యామిలీ గ్రూపులోంచి తీసేసింది కదా, "మామయ్యా, రోజుకో కషాయం వీడియో చూడలేక చస్తున్నాం" అని. న్యాయం చెయ్యమని నీకు ఫోన్ చేస్తే నువ్వేమన్నావ్? "చెప్పాలనుకున్నది చేత్తో రాసి పంపరా, రాసేటప్పుడు సగం నువ్వే కొట్టేస్తావు" అన్నావు. ఏళ్ల తరబడి హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పిన మనిషివి, నీకు ఎదురు చెప్పే ధైర్యం నాకెక్కడిది? పెన్నూ కాగితాలూ కొనుక్కొచ్చి కూర్చున్నాను.

చెప్పొద్దూ, నువ్వన్నది నిజమే. ఫలానా గింజ తింటే నూట ముప్ఫై రోగాలు దగ్గరికి రావన్న ఫార్వర్డు ఒకటి ఉంది. సరే, ఏవేం రోగాలో అన్నీ రాద్దామని మొదలుపెట్టాను. ఒక పేజీ అయ్యేసరికి చెయ్యి లాగింది. తరవాతి రోగం కాన్పు కష్టాలట. అది నాకెందుకు, నీకు మాత్రం ఎందుకు అని కొట్టేశాను.

అయినా నా బాధ నాకుంది అక్కా. పోయినేడు నా ఒంట్లోంచి కిడ్నీ తీసి నీకు పెట్టారు. ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు వచ్చి "ఇక దీన్ని కాపాడుకోవడమే మీ పని" అన్నారు. ఆ మాట నీకు చెప్పారని అందరూ అనుకున్నారు. నాకు చెప్పారని నేననుకున్నాను. అప్పట్నుంచి లారీల కమాన్ కట్టల షాపులో కూర్చున్నానన్న మాటే గాని ధ్యాసంతా చల్లపల్లిలో నీ దగ్గరే ఉంటోంది. ఒకాయన వెనక కట్టలు అడిగితే ముందు కట్టలు ఇచ్చి పంపాను. లారీ తిరిగి వచ్చింది, డ్రైవరు తిట్టిపోయాడు.

మన షాపు వెనకాల తుప్పు పట్టిన లారీ క్యాబిన్ పడి ఉంది కదా, దాని మీద తిప్పతీగ పాకింది. కరోనా రోజుల్లో జనం ఎగబడి తాగారే, ఆ తిప్పతీగే. రోగనిరోదక శక్తి పెంచడంలో దాన్ని మించింది లేదని యూట్యూబ్‌లో ఒక పెద్దాయన చెబుతున్నాడు. ఆయన గడ్డం చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. కాడలు కోసి, ఎండబెట్టి, నా చేత్తో దంచి డబ్బాకెత్తాను. మీ ఊరి మీదుగా పోయే అవనిగడ్డ బస్సుకి ఇచ్చి పంపుతున్నాను. పరగడుపునే కాచుకుని తాగు. నువ్వు వేసుకునే బలం మాత్రలు ఉన్నాయి కదా, వాటితో పాటే తాగావంటే రెండు బలాలూ కలిసి కిడ్నీకి ఇంక తిరుగుండదు. మొలకెత్తిన పెసలు కూడా తిను. పచ్చివే తినాలి, ఉడికిస్తే బలం ఆవిరైపోతుందట.

నీ తమ్ముడు,
డేనియల్


చల్లపల్లి
జూలై

తమ్ముడు డేనియల్‌కు దీవెనలు.

"నిరోదక" కాదురా, "నిరోధక". ఒత్తు "ధ" రాయాలి. కమాన్ కట్టలోంచి ఒక ప్లేటు తీసేస్తే లారీ ఒక పక్కకి ఒరిగిపోదూ, ఒత్తు తీసేస్తే మాట కూడా అంతే. మిగతావి ఎర్ర సిరాతో దిద్ది, నీ ఉత్తరం నీకే తిప్పి పంపుతున్నాను. చూసుకుని మళ్లీ రాకుండా జాగ్రత్తపడు.

డబ్బా అందింది. మీ బావ మూత తీసి వాసన చూశారు. వెంటనే గాలి కోసం వాకిట్లోకి వెళ్లిపోయారు.

నా తిండి గురించి నీకంత బెంగ అక్కర్లేదు. ఆసుపత్రిలో భోజనం సంగతులు చెప్పే అమ్మాయి ఎలా చెప్పిందో అలాగే తింటున్నాను. కాచి చల్లార్చిన నీళ్లు, బాగా ఉడికిన కూరలు, ఉప్పు తక్కువ. ఆ అమ్మాయి మనిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి ఇవన్నీ చెబుతుంటే నువ్వు నిద్రపోయావు, జ్ఞాపకం ఉందా? గురక కూడా పెట్టావు. "దాతగారు నీరసపడ్డట్టున్నారు, పడుకోనివ్వండి" అంది పాపం. ఆ ముందు పూట నువ్వు మూడు ప్లేట్ల పూరీ తిన్న సంగతి నేను చెప్పలేదు.

నా ఒంట్లో బాగుంది. ఇంతకీ నువ్వేం తింటున్నావో రాయి. మరదలు హెప్సిబాని అడిగితే ఫోన్లో ఒకటే నవ్వుతోంది గాని సంగతి చెప్పడం లేదు.

అక్క,
మార్త


ఆటోనగర్
ఆగస్టు

రోగనిరోధక (ఒత్తు చూసుకో) అక్కకు వందనాలు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, నవ్వకూడదు. ఒక్క కిడ్నీ మీద బండి నడుపుతున్నవాణ్ణి, నా ఇమ్యూనిటీ కూడా నేను చూసుకోవాలి కదా. పొద్దున్నే బూడిద గుమ్మడికాయ రసం. టిఫిన్‌కి పచ్చి మొలకలు. మధ్యాహ్నం కొర్రన్నంలోకి ఉప్పూ కారం లేని ఆనపకాయ. పొద్దు వాలాక తిప్పతీగ. నా భార్య మాత్రం తనకీ పిల్లలకీ వంకాయా ఎండురొయ్యలూ వండి, సరిగ్గా నా ఎదురుగానే కూర్చుని తింటోంది. పైగా "రోగాల సంగతేమో గాని చుట్టాల రాకపోకలు మాత్రం ఆగిపోయాయండీ, మీ భోజనం చూసి ఒక్కరూ గడప తొక్కడం లేదు" అంటోంది.

పోయిన వారం షాపులో డ్రైవర్లని నిలబెట్టి ఇమ్యూనిటీ గురించి గట్టిగా చెబుతున్నాను. "నన్ను చూడండి" అని ఛాతీ మీద చెయ్యి వేసుకున్నానో లేదో, తుమ్ము వచ్చింది. దాని వెనకే ఇంకోటి. సాయంత్రానికి జ్వరం. రొయ్యలు తిన్న ఇంటిల్లిపాదీ గుండ్రాళ్లలా ఉన్నారు, నేనొక్కణ్ణే దుప్పటి కప్పుకుని మంచమ్మీద కూర్చుని ముక్కు చీదుకున్నాను. వచ్చినవాళ్లందరికీ ఒంట్లో మలినం బయటికి పోతోందని చెప్పాను. జలుబు చేస్తే అలా చెప్పుకోమన్నాడు ఆ పెద్దాయన.

జ్వరం తగ్గాక బెంజ్ సర్కిల్ దగ్గర పనుంటే వెళ్లాను. పనేం లేదు. బిర్యానీ తిన్నాను. నా అదృష్టం కొద్దీ పక్క టేబుల్ దగ్గర మన పాస్టరుగారు. "బ్రదర్, మీరు ఇవన్నీ మానేశారని సంఘమంతా చెప్పుకుంటున్నారే" అన్నారు. "ఇదే ఆఖరి బలహీనతండీ" అన్నాను. దయగల మనిషి, నా ప్లేట్లో ఇంకో ముక్క వేయించారు. రెండో బలహీనతగా అదీ తిన్నాను.

నాకు నిగ్రహం లేదని ఊరంతా తెలిసిపోయింది, దాచేదేముంది. నీకుంది. బడిలో బెల్లు కొట్టినట్టు వేళకి తాగగలవు. అందుకే ఇంకో డబ్బా పంపుతున్నాను. ఈసారి మిరియాలు, దాల్చినచెక్క కూడా కలిపాను, ఘాటుగా ఉంటుంది. తాగుతున్నావా? "తాగుతున్నాను" అని ఒక్క ముక్క రాయి చాలు. ఆ ముక్క కోసం చూస్తూ ఉంటాను.

డేనియల్


చల్లపల్లి
సెప్టెంబరు

తమ్ముడికి,

తాగుతున్నాను.

ఇక్కడ వానలు. మీ బావకి మోకాళ్ల నొప్పి తిరగబెట్టింది. ఈసారి నీ ఉత్తరంలో తప్పులు దిద్దలేదు, చదువుతుంటే కళ్లు బరువెక్కుతున్నాయి. బిర్యానీ సంగతి శాలిని చదివి వినిపిస్తే నవ్వాను.

కొన్నాళ్లు డబ్బాలు పంపకు. ఉన్నది అయిపోయాక నేనే అడుగుతాను.

మార్త


ఆటోనగర్
అక్టోబరు

మార్తక్కకు,

బ్యాంకు నోటీసు కూడా నీ ఉత్తరం కన్నా పెద్దగా ఉంటుంది. అందులో అడుగున కనీసం "మీ విశ్వసనీయులు" అని రాస్తారు.

డబ్బాలు పంపవద్దా? నా తప్పులు దిద్దే ఓపిక కూడా లేదా? నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేనెంత హుందాగా ఉంటానో నీకు తెలుసు కదా. పొయ్యి మీద మరుగుతున్న కషాయం గిన్నె వట్టి చేతులతో ఎత్తి పారబోయబోయాను. వేళ్లు కాలాయి, గిన్నె కాలి మీద పడింది. హెప్సిబా మందు రాస్తూ "ఈ రోగాన్ని నిరోధించే ఆకేదీ లేదాండీ" అంది.

ఒక మాట అడుగుతాను, సూటిగా చెప్పు. ఆ కిడ్నీ నా ఒంట్లో పుట్టి పెరిగింది. పెంచి పెద్దచేసి మీ ఇంటికి పంపాను. పంపిన పిల్ల ఎలా ఉంది, వేళకి తింటోందా అని పుట్టింటివాళ్లు అడగకూడదా? ఇది రాస్తుంటే నా భార్య భుజం మీదుగా చదివి "ఇలాంటి వియ్యంకుడు పగవాళ్లకి కూడా వద్దు" అంది. నేను కొట్టెయ్యలేదు. అది అలాగే ఉండాలి.

నువ్వు వద్దన్నా మూడో డబ్బా ఈ ఉత్తరంతో పాటే వస్తుంది. మోతాదు పెంచాను. వచ్చే వారం నేనే బయల్దేరి వస్తాను. నా ఎదురుగా కూర్చుని తాగాలి. తాగితే గాని కదలను.

డేనియల్


విజయవాడ
ఆసుపత్రి నుంచి

డేనియల్‌కు,

చల్లపల్లి బయల్దేరకు. నేనక్కడ లేను. ఈ ఊళ్లోనే, నీ షాపు నుంచి ఆటోలో వచ్చేంత దూరంలో పడుకుని ఉన్నాను. నీ ఉత్తరం ఇంటికొస్తే మీ బావ ఇక్కడికి తెచ్చారు. నాకు ఏ జబ్బూ అంటకూడదని లోపలికి ఎవర్నీ రానివ్వడం లేదు, ఆయన కూడా అద్దం అవతలే కూర్చుంటున్నారు. రానిచ్చినా నిన్ను వద్దనేదాన్ని. నీ మొహం చూస్తే నోటికి మళ్లీ అబద్ధమే వస్తుంది. అందుకే రాసి శాలిని చేత పంపుతున్నాను.

నెల కిందట కాళ్లు వాచాయి. రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీ సరిగ్గా పనిచెయ్యడం లేదని. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూశారు. నా ఒళ్లు దాని మీద తిరగబడుతోందట. ఇంజెక్షన్లు ఇస్తున్నారు. నిలుస్తుందో లేదో ఈ వారంలో తేలుతుంది.

నువ్వు "బలం మాత్రలు" అని రాసినప్పుడల్లా నాకు కలుక్కుమనేది. ఆ పేరు పెట్టింది నేనే. ఆపరేషన్ అయ్యాక నువ్వు కడుపు పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ నా మంచం దగ్గరికి వచ్చావు. "ఇన్ని మాత్రలేంటక్కా" అని అడిగావు. "బలానికిరా" అన్నాను. అవి బలానికి కావు. బలం తగ్గించడానికి. ఒంటికి తనది కానిది ఏదొచ్చినా తరిమెయ్యడమే తెలుసు. చుట్టానికీ దొంగకీ తేడా తెలియని పెంపుడు కుక్క లాంటిది. నువ్వు నా తోడబుట్టినవాడివని దానికి తెలియదు. ఆ మాత్రలు దాన్ని గొలుసు వేసి కట్టి ఉంచుతాయి. నువ్విచ్చినదాన్ని నా ఒళ్లు వద్దంటోందని, కుట్లు కూడా మానని నీ మొహం మీద ఎలా చెప్పేది? అందుకని బలానికి అనేశాను. నువ్వు నమ్మావు. నమ్మి, ఆ బలానికి ఇంకా బలం చేర్చాలని ఎండలో కూర్చుని దంచావు.

రోగనిరోధక శక్తి పెరిగితే నీకు మేలేమో. నాకు అదే ముప్పు. "ఫలానా దానివల్లే ఇలా అయిందని ఖాయంగా చెప్పలేనమ్మా, కాని తిప్పతీగ లాంటివి మీరు ముట్టుకోకూడదు" అన్నారు డాక్టరుగారు. పచ్చి మొలకలు కూడా అంతే. వాటిల్లో ఉండే క్రిములు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి లెక్క కాదు, నన్ను మంచం ఎక్కిస్తాయి. మొలకలు నేను తినలేదు. తిప్పతీగ తాగాను.

అది తాగకూడదని నాకు ముందే తెలుసు. నీలా నిద్రపోకుండా అన్నీ విన్నాను. తెలిసీ ఎందుకు తాగావమ్మా అని శాలిని అరుస్తోంది. దానికి చెప్పలేకపోయాను, నీకు చెబుతాను. నువ్వు ఒళ్లు కోయించుకుని ఇచ్చినదాన్ని చెయ్యి చాచి తీసుకున్నాను. ఆ తరవాత నువ్వేం ఇచ్చినా వద్దనే నోరు నాకు లేకుండా పోయింది. మూత తీసినప్పుడల్లా పారబోద్దామనే అనుకునేదాన్ని. "ఆ ముక్క కోసం చూస్తూ ఉంటాను" అన్నావు. ఒక్క గుక్కకి ఏమవుతుందిలే అనుకునేదాన్ని. ఎవరేమిచ్చినా తినేయకండే అని బడిలో ఆడపిల్లలకి చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్న పంతులమ్మని నేను. నా తెలివి చూడు.

నీ తప్పు లేదు అని రాద్దామనుకున్నాను. కొంచెం ఉంది. మిగతాదంతా నాది.

మార్త


ఆటోనగర్

అక్కా,

శాలిని ఉత్తరం చేతికిచ్చి, నేను చదివేదాకా షాపు ముందే నిలబడింది. అయ్యాక తిడుతుందని చూశాను. తిట్టలేదు. లోపలికి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తిట్టినా బాగుండేది.

క్యాబిన్ మీద తీగ మొత్తం పీకేశాను. పక్క షాపాయన చూసి "అయ్యో, మంచి మందు కదండీ" అన్నాడు. "మంచిదేనండీ, నా చేతిలో పడింది" అన్నాను.

ఆసుపత్రికి వచ్చాను. నీ దగ్గరికి కాదు, డాక్టరుగారి దగ్గరికి. "అది ఆగిపోతే నా దగ్గర ఇంకోటి ఉంది కదండీ, తీసుకోండి" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. "మరి మీరెలా బతుకుతారు?" అన్నారు. నిజం చెబుతున్నాను, నాకు ఆ ఆలోచనే రాలేదు. చిన్నప్పుడు నాకు తీసివేతలు నేర్పలేక నువ్వెంత ఏడిచావో అప్పుడు అర్థమైంది. పాపం ఆయన కూర్చోబెట్టి, నేను గురకపెట్టిన పాఠమంతా మొదట్నుంచీ మళ్లీ చెప్పారు. మధ్యలో "వింటున్నారా" అని అడుగుతూనే ఉన్నారు. నీ వార్డు వాళ్లు ఆయనకి కూడా చెప్పేశారన్నమాట.

నవ్వులాట పక్కన పెడతాను. నేను కషాయాల పిచ్చోణ్ణి కాదక్కా. నాది భయం. నీకు ఇవ్వడానికి నా దగ్గర ఒక్కటే ఉంది, ఇచ్చేశాను. అది ఆగిపోతే ఇంక నేను చెయ్యగలిగింది ఏమీ లేదని రోజూ భయమే. భయం వేస్తే చేతులు ఊరికే ఉండవు. ఏదో ఒకటి కోస్తూ, దంచుతూ, బస్సులకి పరిగెడుతూ ఉంటే నిన్ను నేనే బతికిస్తున్నట్టు ఉండేది. చివరికి నా చేతులతోనే నిన్ను పోగొట్టుకోబోయాను. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది. అక్షరాలు తడిస్తే అవి నా తప్పులుగా లెక్కపెట్టకు.

నువ్వు నా ముందు మొహమాటపడొద్దు. నేనేం తెచ్చినా "వద్దురా" అను. మొహం మీదే అను. హెప్సిబా పెళ్లైన దగ్గర్నుంచీ అంటూనే ఉంది, నేను చచ్చిపోలేదు.

ఇంట్లో ఏదీ నోటికి పోవడం లేదు. ప్రార్థనకి మోకరించి "దాన్ని ఆగనివ్వకు తండ్రీ" అని మాత్రం అంటున్నాను. ఏది తేలినా ఫోన్ చేయించకు. నీ చేత్తో రాయి. నీ రాత చూస్తే తట్టుకుంటాను.

డేనియల్


చల్లపల్లి
నవంబరు

తమ్ముడూ,

నిలిచింది.

నీకు ఓపిక ఉండదని ఆ ముక్క ముందు రాశాను. క్రియాటినిన్ దిగింది. పాత అంకెకి మాత్రం రాలేదు, ఇక రాకపోవచ్చన్నారు. కొంత దెబ్బ తగిలిందట, ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకుంటే చాలా ఏళ్లు నడుస్తుందన్నారు. నిన్న ఇంటికి తీసుకొచ్చారు. మాత్రలు పెంచారు. వాటిని ఇప్పుడు ఇంట్లో అందరం అసలు పేరుతోనే పిలుస్తున్నాం. మీ బావకి మాత్రం ఆ పేరు నోరు తిరగడం లేదు. ఇంజెక్షన్లకి నా మొహం పూరీలా ఉబ్బింది. శాలిని ఫోటో తీస్తానంటే వద్దన్నాను. చూశావా, మొదలుపెట్టాను. పక్కింటివాళ్లు ఏదో ఆకు రసం తెచ్చారు, దానికీ వద్దన్నాను. మొదటిసారి కష్టమైంది, తరవాత తేలిగ్గానే వచ్చింది. నీ మూడో డబ్బా అరుగు మీద అలాగే ఉంటే నేనే చెప్పి పారబోయించాను.

నువ్వు ఆసుపత్రిలో రెండోది తీసుకోండి అన్న సంగతి నర్సమ్మ ముందే చెప్పింది. వార్డంతా నవ్వారట. నేను నవ్వలేకపోయాను. గోడ వైపు తిరిగి పడుకుని ఏడిచాను. ఇలాంటి మూర్ఖుణ్ణి తమ్ముడిగా ఇచ్చినందుకు దేవుడికి ఏమని చెప్పుకోవాలో తెలియలేదు. వందనాలే చెప్పుకున్నాను.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక హెప్సిబాని తీసుకుని భోజనానికి రా. జలుబు ఉంటే మాత్రం రావద్దు, ఇంకో ఆదివారం చూద్దాం. నాకు మెత్తగా ఉడికిన బీరకాయ, మీకు చేపల పులుసు. మీ ఇద్దరి మధ్య కూర్చుని నా కూర నేను తింటాను.

అక్క ఇంటికి వస్తూ ఏదో ఒకటి పట్టుకురాకపోతే నీకు నడక సాగదని తెలుసు. పళ్లు వద్దు, పూతరేకులు వద్దు, "మామూలు కొబ్బరి బొండాలేగా" అని కూడా వద్దు. మా వీధిలోవాళ్లు అరుగుల మీద కూర్చుని నీ చేతుల వంకే చూస్తారు. తోడబుట్టినది చావు తప్పించుకుని వస్తే ఎలా వచ్చాడో చూడండి అని చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

నా కోసం ఈ ఒక్కసారి, చేతులూపుకుంటూ రా.

మార్త